మా తల్లి వ్రాసిన ఆటలెక్క

సోదరీమణులారా! ఈ శీర్షిక క్రింద మేము ప్రతిమాసమును వంటకములను గూర్చియో, శిశుపోషణమును గూర్చియో, పండుగపబ్బములను గూర్చియో మీతో ముచ్చటించుచున్నాము. ఈ మాసమున ఆటలను గూర్చి ముచ్చటింపదలచితిమి. "ఆటలతో మనకేమి పని?" యని పుట త్రిప్పివేయకుడు. మీ యింట పదియేండ్లు దాటిన బాలిక యున్నచో ఈ ముచ్చట మీకొరకే యని తలంపుడు.

మేము పుట్టి పెరిగినది హనుమకొండలో. మా బాపు కాజీపేట రైల్వేలో ఉద్యోగము చేసిరి. కాజీపేట పెద్ద రైలుకూడలి. సికింద్రాబాదునుండి వచ్చు దారి అచ్చటనే ఢిల్లీవైపును విజయవాడవైపును చీలును. నలుదెసలనుండి జనులు వచ్చి చేరిన యూరు గనుక నానావిధములైన ఆటలును వారివెంట వచ్చి చేరినవి. బాపు యౌవనమున ఫుట్‌బాలు ఆడి మోకాలు చెడగొట్టుకొనిరి. మా పెద్దనాయన కబడ్డీలో కూతపట్టిన ఊపిరి విడువనివాడని పేరువడసిరి. మా అన్నకు క్రికెట్టు బ్యాటు ప్రక్కన లేనిదే నిద్రరాదు. బాపమ్మ పచ్చీసు పరచుకొని కూర్చున్నదన్న, పొయ్యిమీది పాలు పొంగిపోయినను లేవదు. మా యింట దేవునిగూటికి ఎంత గౌరవమో గూటి ప్రక్కనున్న రేడియోపెట్టెకును అంత గౌరవము.

వాకిట చిర్రగోనె, పెరట క్రికెట్టు, ఇది మా బాల్యము. విరిగిన మంచపు పట్టె మాకు బ్యాటు. గోడపై బొగ్గుతో గీచిన మూడు గీతలు వికెట్లు. బంతి దానిమ్మచెట్టునకు తగిలిన నాలుగు పరుగులు. ప్రహరి దాటి పొరుగింట పడినచో ఆడినవాడు అవుటు. పోయి తెచ్చుటయు వాని పనియే. అన్నయు తమ్ముడును పొరుగు పిల్లలును ఒకజట్టుగా నుండగా, లెక్కకు ఒకరు తక్కువైనపుడు మమ్ము పిలిచెడివారు. రెండేండ్లలో మేము తక్కువైనపుడు ఆట నిలిచిపోవు స్థితి వచ్చెను. ఇది గొప్పకు చెప్పుట కాదు, ఉన్నమాట.

ఇక మా తల్లి. ఆమె బడికి పోయినది నాలుగైదేండ్లు మాత్రమే. నిజాము పాలనలో బడిచదువు ఉర్దూలో సాగిన కాలము గనుక రేడియోలోని హిందీ వ్యాఖ్యానము ఆమెకు తేటగా తెలియుచుండెడిది. ఇంగ్లీషు వంతు వచ్చినపుడు మా అన్న తెలిపెడివాడు. కొన్ని యేండ్లకు ఆమెయే అన్నకు తెలుపసాగెను. 1971వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీ వినాయకచవితి. ఆనాడు లండనులోని ఓవల్ మైదానమున మన జట్టు ఇంగ్లండును నాలుగు వికెట్లతో ఓడించి, ఆ దేశమున మొట్టమొదటిసారి టెస్టుల వరుసను గెలుచుకొనెను. అంతకు ముందుదినమున చంద్రశేఖరు 38 పరుగులిచ్చి 6 వికెట్లు తీసియుండెను. చవితి యని మనవారెవరో ఒక యేనుగును గూడ ఆ మైదానమునకు తెచ్చిరట. మా తల్లి ఒకచేత కుడుములు వండుచు, రెండవచేత బొగ్గుముక్కతో వంటింటి గోడపై పరుగుల లెక్క వ్రాసికొనెను. మరునాడు గోడ చూచి బాపు నవ్విరి. పిదప ఒక పెన్సిలు తెచ్చియిచ్చిరి. అన్నయొక్క పాతబడిపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను చించి, దారముతో కుట్టి, ఆమె ఒక పుస్తకము చేసికొనెను. అదియే మా యింటి ఆటలెక్క పుస్తకము.

లెక్క వ్రాయుటలో ఒక సొంపు కలదు. ఎరుగని సోదరీమణులకొరకు చెప్పుచున్నాము. బంతి బంతికి ఒక గురుతు. పరుగు రానిచో చుక్క. పరుగు వచ్చినచో దాని యంకె. ఆరు బంతులకు ఒక ఓవరు. ఓవరులో ఒక్క పరుగును రానిచో ఆరు చుక్కలు మిగులును. వానిని మూడేసి చొప్పున రెండు వరుసలుగా పెట్టి, గీతతో కలిపి, ఇంగ్లీషు ‘ఎం’ అక్షరముగా చేయుదురు. దానిని మెయిడెను ఓవరందురు. మా తల్లికి ఆ చుక్కలు కలుపుట ఎవరును నేర్పవలసిన పని లేకపోయెను. తెల్లవారుజామున వాకిట చుక్కలు పెట్టి ముగ్గు కలుపు చేతికి ఆరు చుక్కలొక లెక్కయా!

ఇట్టి తల్లులును బిడ్డలును మనదేశముననే కాదు, సముద్రముల కావలను కలరు. అమెరికావారికి బేస్‌బాలనిన మనకు క్రికెట్టువంటిది. అదియు కట్టెతో బంతిని కొట్టి పరుగెత్తు ఆటయే. దాని లెక్కలను పత్రికలలో పట్టికగా వేయు పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, క్రికెట్టునెరిగి, అమెరికా చేరినవాడు. అనగా వారి లెక్కయు మన లెక్కయు దాయాదులు. డోరిస్ కెర్న్స్ గుడ్‌విన్ అను చరిత్రకారిణి తన బాల్యమును గూర్చి 1997లో ఒక పుస్తకము ప్రకటించెను. ఆమె తండ్రి బ్రూక్లిను డాడ్జర్లను జట్టునకు భక్తుడు. తండ్రి పనిలోనున్నవేళ జరిగిన ఆటను ఆ బాలిక రేడియోలో విని లెక్క వ్రాసియుంచి, ఆయన యింటికి రాగానే మొదటినుండి తుదివరకు వినిపించెడిదట. పెండ్లి పేరంటములలో వంశవృత్తాంతములు చెప్పుకొన్నట్లే ఆ యింట ఆటలు చెప్పుకొనిరి. ఆ దేశముననే 1943లో, పురుషులు యుద్ధమునకు పోయిన కాలమున, స్త్రీలకై ఒక బేస్‌బాలు లీగు నెలకొల్పబడి 1954 వరకు సాగెను. పురుషులు తిరిగివచ్చిన పిదపను వారు పదియేండ్లకు దగ్గరగా ఆడిరనుట గమనింపదగినది.

మన తెలుగువారిలోను ఆటల కుటుంబము లేకపోలేదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన సి. కె. నాయుడుగారు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదునొకండు సిక్సర్లతో 153 పరుగులు చేసిరి. 1932 జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున మనదేశము తొలి టెస్టు ఆడినపుడు నాయకులు వారే. వారి తమ్ముడు సి. ఎస్. నాయుడుగారును టెస్టులాడిరి. వారి కుమార్తె చంద్రా నాయుడుగారు ఇందూరు పట్టణమున, అనగా ఇండోరున, ఇంగ్లీషు బోధించుచు, 1977లో బొంబాయి, ఎం.సి.సి. జట్ల ఆటకు వ్యాఖ్యానము చేసి, మనదేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి స్త్రీలలో నొకరైరి. తండ్రిని గూర్చి పుస్తకమును వ్రాసిరి. ఆమె 2021లో స్వర్గస్థురాలైరి. తండ్రి చేత బ్యాటు, కుమార్తె నోట మాట. ఆ మాటకై ఒక స్త్రీ 1977 వరకు వేచియుండవలసివచ్చెను.

ఇప్పుడు మా సంగతి. 1978వ సంవత్సరము జనవరిలో స్త్రీల ప్రపంచకప్పు పోటీలు మనదేశమున జరిగెను. నాలుగు దేశములు మాత్రమే పాల్గొనెను. తుదిపోటీ యనదగిన ఆట జనవరి 13వ తేదీన హైదరాబాదు లాల్‌బహదూరు స్టేడియమున ఇంగ్లండు, ఆస్ట్రేలియాల నడుమ జరిగి, ఆస్ట్రేలియా స్త్రీలు ఎనిమిది వికెట్లతో గెలిచి కప్పు నందుకొనిరి. కాజీపేటలో రైలెక్కినచో కొన్ని గంటలలో చేరదగిన మైదానము! పురుషుల ఆటయైన నాడు బాపు అన్నదమ్ముల నిరువురిని వెంటబెట్టుకొని ఆ మైదానమునకు పోయి వచ్చుటయు, వారు వారముదినములు ఆ ముచ్చటలే చెప్పుటయు మేమెరుగుదుము. స్త్రీలు ప్రపంచకప్పునకై ఆడుచుండగా మా యింటి స్త్రీలను తీసికొనిపోవలెనను తలంపు ఎవరికిని కలుగలేదు. అట్టి పోటీ జరిగినదని మేము తెలిసికొన్నది ఎన్నో యేండ్లకు. ఆటలపిచ్చి గల యింటనే ఇట్లు జరిగెననిన, ఇక తక్కిన యిండ్లమాట చెప్పనేల?

ఆ యేటనే మాకు పండ్రెండు నిండెను. ఒక ఆదివారము పెరట మేము బ్యాటు పట్టియుంటిమి. బాగుగనే ఆడుచుంటిమి. బాపమ్మ పచ్చీసు విడిచి లేచివచ్చి, మా చేతినుండి బ్యాటు తీసికొని, "ఈడువచ్చిన పిల్ల మొగపిల్లలతో ఎగురుడేంది? ఇక చాలు" అనెను. బాపు అరుగుమీద పత్రిక చదువుచుండిరి, తల యెత్తలేదు. అన్న నేలచూపు చూచెను. మా తల్లి వంటింటి గుమ్మమున నిలిచి చూచుచు ఒక్క మాట పలుకలేదు. బ్యాటు తమ్ముని చేతికి పోయెను. మేము లోపలికి పోతిమి.

బాపమ్మపై మాకు కోపము లేదు. ఆమె కాలము ఆమెకు నేర్పినది ఆమె చెప్పెను. మా కినుక యంతయు మా తల్లిపై. బంతి బంతికి లెక్క యెరిగిన తల్లి ఆనాడు ఒక్క మాట పలికియుండరాదా యని మేము చాల యేండ్లు లోలోన కుమిలితిమి. అటు తరువాత ఆమె తన పెన్సిలు మా చేతికిచ్చి, "నేను చెప్తా, నువ్వు రాయి" అనెడిది. వ్రాసితిమి. 1983 జూన్ 25వ తేదీ రాత్రి, మన జట్టు 183 పరుగులు మాత్రమే చేసి, వెస్టిండీసును 140కి పడగొట్టి ప్రపంచకప్పు గెలిచిన ఆట, మా చేతివ్రాతతోనే ఆ పుస్తకమున నున్నది. నాయుడుగారు అదే మైదానమున తొలి టెస్టుకు దిగిన దినమునకు సరిగా 51 ఏండ్లు. దానికి వారముదినములు ముందు కపిల్‌దేవు జింబాబ్వేపై అజేయముగా 175 పరుగులు చేసిన ఆటను పత్రికలో చదివి మా తల్లియే ఎత్తి వ్రాసికొనెను. 17 పరుగులకు 5 వికెట్లు పోయిన స్థితినుండి 266 వరకు లాగిన ఆట అది. "అయిదుగురు పోయినంకనే ఇల్లు నిలబెట్టేటోడు తెలుస్తడు" అని ఆమె యన్నమాట మాకింకను చెవులలో నున్నది.

మేము పెండ్లియాడి అత్తవారింటికి పోతిమి. పిల్లలు గలిగిరి. ఇచ్చట ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. మా కుమార్తె తొమ్మిదవ తరగతిలో పాఠశాల త్రోబాలు జట్టునకు ఎన్నికై, వేరొక యూరికి పోయి ఆడుటకు అనుమతి అడిగెను. పరీక్షలు దగ్గరకు వచ్చినవని మేము వలదంటిమి. పరీక్షలకు అప్పటికి నాలుగు మాసములుండెను. అసలు కారణము పరీక్షలు కావని ఆమెయు నెరుగును, మేమును ఎరుగుదుము. ఆమె మారుమాటాడలేదు. ఎట్లు మారుమాటాడును? ఊరకుండుట మావద్దనే నేర్చినది గదా!

మా తల్లి పోయిన పిదప ఆమె ట్రంకుపెట్టె విప్పితిమి. పట్టుచీర మడతలలో ఆ ఆటలెక్క పుస్తకము కనబడెను. పుటలు త్రిప్పుచుండగా టెస్టుల నడుమ ఒక పుటపై మా పేరు కనబడెను. 1978వ సంవత్సరమునాటి పుట. దానిమ్మచెట్టు, బొగ్గుగీతలు గల మా పెరటి ఆట. పొరుగుపిల్లల పేర్లు, అన్న పేరు, తమ్ముని పేరు, అందరి పరుగులును బంతి బంతికి వ్రాయబడియుండెను. వంటింటి గుమ్మమున నిలిచి ఆమె వ్రాసికొన్నదన్నమాట! మా పేరునకెదుట 27 పరుగులు, ప్రక్కన ‘నాటౌట్’. పుట అడుగున, వాన వచ్చిన ఆటలకు ఆమె వ్రాయు అలవాటు చొప్పున, "ఆట ఆపబడినది" యని యుండెను. వానయైనచో వానయని కారణమును వ్రాసెడిది. ఇచ్చట కారణము వ్రాయలేదు.

ఆ పుట చూచి మా కినుక కరగినదని చెప్పగలము. కాని న్యాయము జరిగినదని చెప్పజాలము. లెక్క వ్రాసియుంచుట వేరు, నోరు విప్పి పలుకుట వేరు. తల్లికి తెలియుట బిడ్డకు చాలదు. తల్లి పలుకుట కావలెను.

ఈ మాట ఇప్పుడేల తలచితిమనగా, గతమాసమున మా తమ్ముని యింటికి పోతిమి. అతని మనుమరాలికి పదునొకండేండ్లు. క్రికెట్టు నేర్చుకొందునని పట్టుబట్టినది. దాని తల్లి మాతో, "అత్తమ్మా, ఎండకు నల్లబడ్తది. రేపు సంబంధాలు రావద్దా? రోజూ తీస్కపొయ్యేటోళ్లెవరు?" అని మొరపెట్టుకొనెను. తగని మాటలు కావు. తల్లిమనసు అట్లే తలచును. మేము వాదింపలేదు. పెట్టెనుండి ఆ పుట తెచ్చి చూపితిమి. ఆమె చాలసేపు చూచెను. బాలిక మాత్రము వ్రేలితో అంకెలు లెక్కించి, "అమ్మమ్మా, నువ్వింకా అవుట్ కాలే గదా!" అనెను. ఆ మరుసటి సోమవారము దాని తల్లి దానిని వెంటబెట్టుకొని శిక్షణశిబిరమునకు పోయినది.

ఆ తల్లికి మేము చెప్పిన సంగతులనే మీకును చెప్పుదుము. మా వరంగల్లు జిల్లాలోనే పర్వతగిరి దాపున కల్లెడ యను పల్లె కలదు. ఆ పల్లెబిడ్డ ప్రణీత విల్లు పట్టి 2008లో బీజింగు ఒలింపిక్సునకు పోయెను. ఆ పల్లెనుండియే కూలిపని చేసికొను తలిదండ్రులకు పుట్టిన దీప్తి జీవంజి 2024లో పారిసు పారాలింపిక్సున 400 మీటర్ల పరుగున కంచుపతకము గెలిచెను. మా హనుమకొండ జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున 2021లో జాతీయస్థాయి అథ్లెటిక్సు పోటీలు జరుగగా దేశమునలుమూలల బాలికలు వచ్చి పరుగెత్తిరి. మిథాలీ రాజ్ సికింద్రాబాదున అన్నవెంట శిబిరమునకు పోయి బ్యాటు పట్టిన బాలికయే. 2002లో ఇంగ్లండుపై టెస్టులో 214 పరుగులు చేసెను. భద్రాచలము బిడ్డ త్రిష 2025లో పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పున స్కాట్లండుపై 110 పరుగులు చేసి, ఆ పోటీలన్నిటికిని ఉత్తమక్రీడాకారిణిగా ఎన్నికయ్యెను. ఆ యేటనే నవంబరు 2వ తేదీన మన స్త్రీల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు గెలువగా, ఆ జట్టున కడపజిల్లా బిడ్డ శ్రీచరణి యుండెను. స్త్రీలకును పురుషులతో సమానముగా ఆటవేతనము నిత్తుమని క్రికెట్టు బోర్డు 2022లోనే ప్రకటించెను.

అందరు బాలికలును ఇంతటివారగుదురని మేము చెప్పుట లేదు. నూటికి తొంబదితొమ్మిదిమంది కారు. కాకున్నను నష్టమేమి? సంగీతము నేర్చిన ప్రతి బాలికయు కచ్చేరి చేయుచున్నదా? ఊపిరి, కాళ్లబలము, ఓడి మరునాడు మరల దిగు మనోబలము, ఇవి జీవితమంతయు వెంటవచ్చు సొత్తు.

ఇక తల్లులు చూచుకొనవలసిన కొన్ని సంగతులు. శిక్షణస్థలమునకు తల్లియో తండ్రియో ముందుగా స్వయముగ పోయి చూడవలెను. మరుగుదొడ్డి యున్నదా, త్రాగునీరున్నదా, పెద్దస్త్రీ యెవరైన నుందురా, తక్కిన బాలికలు ఎందరు వత్తురు అని విచారింపవలెను. తోలుబంతితో ఆడునపుడు కాళ్లకు ప్యాడ్లు, చేతులకు తొడుగులు, తలకు హెల్మెటు లేనిదే దింపరాదు. స్త్రీల ఆటకు బంతియు కొంచెము తేలిక; 140 నుండి 151 గ్రాములు. పురుషుల బంతి 156 గ్రాములకు తక్కువ యుండదు. బజారున కొనునపుడు ఈ భేదము చెప్పి కొనవలెను. ఆటకు ముందు కడుపునిండ అన్నము పెట్టరాదు. ఒక అరటిపండో, గుప్పెడు పల్లీలును బెల్లపుముక్కయో చాలును. ఆడి వచ్చిన పిదప జొన్నరొట్టెయో అన్నమో పప్పుతో, గ్రుడ్డుతో, పెరుగుతో తృప్తిగా పెట్టవలెను. మంచినీరు వెంట నుండవలెను. నెలసరి దినములలో ఆడరాదను నియమము లేదు. బాలిక ఓపికనుబట్టి ఆమెనే నిర్ణయించుకొననిండు. ఎండకు నలుపెక్కుటకు తెల్లవారుజామునను సాయంకాలమునను ఆడుటయే మందు. సంబంధము చెడునని భయపడుదురేని, ఆటాడినదని వలదను సంబంధము తప్పిపోవుటయే మేలని మా అభిప్రాయము.

ఈ యుత్తరము వ్రాయుటకు ముందు మేము మా కుమార్తెకు ఫోను చేసి, ఆ త్రోబాలు మాట యెత్తి, తప్పు మాదే యంటిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. పిదప, "అమ్మా, ఆ జట్టులో నాది ఏడో నంబరు" అని చెప్పెను. ఇన్నేండ్లును ఆ యంకె మాకు తెలియదు. మా తల్లికైనచో తెలిసియుండెడిది.

సోదరీమణులారా! మీ యింటి బాలిక పేరునకెదుట ఆట ఆపబడినదని వ్రాయవలసిన యవసరము కలుగనీయకుడు. చిన్ననాట మీరాడి విడిచిన ఆటలను గూర్చియు, అవి ఎచ్చట నిలిచిపోయెనో దానిని గూర్చియు మాకు వ్రాయుడు. రానున్న మాసమున ముచ్చటింతము.